బేరంలో పోయిన బావ

బేస్‌బాల్ అనే ఆట ఒకటుందని దుబాయ్ పోయేదాకా నాకు తెలియదు. తెలియకపోయినా బాగానే బతికేవాణ్ణి. ఆ ఆట పుణ్యమా అని శుక్రవారాలు కోడికూర దొరికిన మాట నిజం, సిమెంటు మోసే పని తప్పిన మాటా నిజం. కాని ఒక ఎండాకాలమంతా భయపడుతూ బతికానంటే, అదీ ఆ ఆట వల్లే.

అవి ఎనభైల మొదటి రోజులు. జబల్ అలీకి అవతల సముద్రం ఒడ్డున నూనె ట్యాంకులు కట్టే అమెరికా కంపెనీలో నేను లేబర్ని. ఆ చుట్టుపక్కల అలాంటి కంపెనీలు ఇంకొన్ని ఉండేవి. ఒక్కో కంపెనీకి ఒక్కో జట్టు. ఉప్పు తేలిన నేల మీద క్రూడాయిల్ చల్లి, రోలరుతో తొక్కించి గ్రౌండు చేసుకున్నారు. మొదట్లో తెల్లవాళ్ళే ఆడేవారు. మనుషులు చాలక మా లేబర్ క్యాంపు వాళ్ళను కూడా కలుపుకున్నారు. ఒక శుక్రవారం గ్రౌండు బయట కూర్చున్న నా దగ్గరికి బంతి దొర్లుకుంటూ వచ్చింది. తీసి విసిరాను. జొన్నచేలో మంచె ఎక్కి చిలకలను కొట్టిన చెయ్యి నాది, బంతి పోయి సరిగ్గా పట్టేవాడి చేతిలో పడింది. మా ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, లేచి నా దగ్గరికి నడిచి వచ్చాడు. అప్పటినుంచి బంతి విసిరేవాణ్ణి నేనే. అలా విసిరేవాణ్ణి వాళ్ళు పిచర్ అంటారు.

మా అక్క మొగుడు, అంటే మా బావ, నాకంటే ఒక చలికాలం ముందే ఆ కంపెనీలో చేరాడు. నాకు వీసా తెప్పించింది ఆయనే. స్టీల్ ఫిక్సర్ పని ఆయనది. కాంక్రీటు పోయకముందు ఇనుప రాడ్లను తీగతో కట్టి బోనులా నిలబెడతారే, ఆ పని. పగటిపూట ఆయన చేతుల వేగం చూడటానికి ఫోర్‌మెన్ వచ్చి నిలబడేవాడు. పొద్దు గుంకితే మాత్రం ఆయనకు ఏమీ కనపడదు. రేచీకటి. మా ఊళ్ళో అది అందరికీ తెలిసిన సంగతే, పెళ్ళిలో మా వదినలు దాని మీద పాటలు కూడా కట్టారు. దుబాయ్‌లో మాత్రం నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే వీసా క్యాన్సిల్, ఖలాస్, ఇంటికి.

చలికాలం ఇబ్బంది లేదు. పొద్దు పొడిచాక పని మొదలయ్యేది, పొద్దు ఉండగానే క్యాంపుకు చేరేవాళ్ళం. ఎండాకాలం అలా కాదు. మధ్యాహ్నం ఇనుము ముట్టుకుంటే చేతుల తోలు ఊడివస్తుంది కాబట్టి తెల్లవారకముందే పని మొదలుపెట్టేవారు. ఆ చీకట్లో నిచ్చెనలు ఎక్కి, ట్యాంకు చుట్టూ కట్టిన పలకల మీద నడవాలి. నేను ముందు, బావ నా భుజం మీద చెయ్యి వేసి వెనక. చూసేవాళ్ళకు బావా బామ్మర్దులు కబుర్లు చెప్పుకుంటూ పోతున్నట్టే ఉండేది. మెట్టు వస్తే దగ్గేవాణ్ణి. పలకల మధ్య సందు ఉంటే రెండుసార్లు దగ్గేవాణ్ణి. నాకు టీబీ ఏమోనని పక్కన పడుకునేవాడు మంచం దూరం జరుపుకున్నాడు కూడా. జరుపుకోనీ అనుకున్నాను. తూర్పున తెల్లబడేదాకా బావ ఒకేచోట కూర్చుని చేత్తో తడుముకుంటూ తీగ చుడుతూ ఉండేవాడు, నేను ఆయన పక్క నుంచి కదిలేవాణ్ణి కాదు. జట్టులో ఉన్నవాణ్ణని నేను ఎక్కడ నిలబడ్డా ఫోర్‌మెన్ ఏమీ అనేవాడు కాదు.

ఎండాకాలం ఆటలు ఉండవు. తెల్లవాళ్ళకు అసలు ఆట అప్పుడే మొదలవుతుంది. వాళ్ళ దేశంలో ఆటనే ఉద్యోగంగా చేసుకున్న పెద్ద జట్లు ఉంటాయట. ఆటలు లేని నెలల్లో ఆ జట్ల యజమానులు ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, ఎవరికి బదులు ఎవరిని తెచ్చుకోవాలి అని బేరాలు ఆడతారట. మా ముదీర్లకు ఆ సరదా ఇక్కడ తీర్చుకోవడానికి మేము దొరికాం. పైగా మా కంపెనీకీ, ఖాడీ అనే సముద్రపు పాయకు అవతల గోధుమ గిడ్డంగులు కడుతున్న ఇంకో కంపెనీకీ మా వీసాలకు పూచీ పడే అరబ్బు, కఫీల్, ఒక్కడే. ఆయన ముద్ర ఒకటి పడితే చాలు, ఈ క్యాంపు మనిషి పెట్టె సర్దుకుని ఆ క్యాంపుకు పోవాల్సిందే. వాళ్ళకు అది ఆట. మాకు అన్నం, పరుపు, పక్కన పడుకునే మనిషి, అన్నీ మారిపోతాయి.

మా జట్టు లెక్కలు రాసే స్టోర్‌కీపర్ హైదరాబాదు వాడు. ఇంగ్లీషు వచ్చు. ముదీర్ల మాటలు విని సాయంత్రం మాకు చేరవేసేవాడు. అవతలి కంపెనీలో ఫిలిప్పీన్స్ వాడొకడు ఉన్నాడని, వాడు కొడితే బంతి సముద్రంలో పడుతుందని, మా ముదీర్‌కు వాడు కావాలని చెప్పాడు. వాడికి బదులుగా వాళ్ళు నన్ను అడుగుతున్నారని కూడా చెప్పాడు. నేను పోతే రేపు చీకట్లో బావ ఎవరి భుజం పట్టుకుంటాడు? ఎవరు దగ్గుతారు? పలక మీద నుంచి జారితే కింద ఇసుక కాదు, నిలబెట్టిన రాడ్లు. అక్క ముఖం కళ్ళముందు కదిలింది.

బావకు చెప్తే ఆయన అన్నం ముద్ద కలుపుతూ, 'పో, మంచిదే. ఆ క్యాంపుల కూలర్లున్నయట' అన్నాడు. ఆయన వేళ్ళు మాత్రం ముద్దను అలా కలుపుతూనే ఉన్నాయి, నోట్లో పెట్టుకోలేదు.

నాకు తెలిసిన బేరం ఒక్కటే, ఎడ్ల అంగడి బేరం. చిన్నప్పుడు నాన్న వెంట పోయేవాణ్ణి. బేరగాళ్ళు తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవారు. కొనేవాడు ఎద్దును నడిపించి చూస్తాడు. కుంటితే కొనడు. కొనకపోతే ఎద్దు వచ్చిన దారినే ఇంటికొచ్చి తన గుంజ దగ్గర తానే నిలబడుతుంది. అంతే కదా అనుకున్నాను. నేనూ కుంటితే సరి.

అవతలి ముదీర్ నన్ను చూడటానికి ఒక శుక్రవారం పొద్దున వచ్చాడు. మా ముదీరూ ఆయనా గొడుగు కింద కుర్చీలు వేసుకుని ఐసు వేసిన టీ తాగుతూ కూర్చున్నారు. వాళ్ళకు తువ్వాల కూడా అక్కర్లేదు, మా ముందే బేరం. నేను బంతి తీసుకుని మొదటిది పట్టేవాడి తల మీదుగా విసిరాను. రెండోది వాడి కాళ్ళ ముందు నేలకు కొట్టాను. భుజం పట్టుకుని ముఖం వంకర పెట్టాను. తరువాతవీ అంతే, ఒకటి గొడుగు దాకా పోయింది. మా ముదీర్ ముఖం ఎర్రబడింది. అవతలాయన టోపీ సర్దుకుని నవ్వాడు. నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ రోజు మధ్యాహ్నం బావ కంచంలో నా కోడిముక్కలు కూడా వేశాను.

మర్నాడు సాయంత్రం స్టోర్‌కీపర్ మా గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

'నిన్ను వద్దన్నరు భాయ్' అన్నాడు. 'చెయ్యి ఖరాబైందట. ఆటగాడు లేకపోతే పనోణ్ణన్న ఇయ్యుమన్నడు ఆ ముదీరు. వాళ్ళకు స్టీల్ ఫిక్సర్లు తక్కువున్నరు, అందరికంటె మంచోణ్ణి ఇయ్యుమన్నడు. మీ బావను ఇచ్చిండ్రు.'

ఎడ్ల అంగడికి ఎద్దు ఒక్కటే వస్తుంది. ఇక్కడ మాత్రం ఎద్దు కుంటితే ఇంట్లో ఉన్నవాటిలో ఇంకోదాన్ని తోలుకొస్తారని నాకెవరు చెప్పారు? ఫిలిప్పీన్స్ వాణ్ణి తెచ్చుకుంటానని మా ముదీర్ అప్పటికే మాట ఇచ్చేశాడు. ఎవరో ఒకరు పోక తప్పదు. నా చేతులారా నేను బావను తోసేశాను.

ముదీర్ ఆఫీసుకు పరుగెత్తాను. వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులతో చూపిస్తూ, నా చెయ్యి బాగానే ఉంది సాబ్, ఇప్పుడే విసిరి చూపిస్తాను, నన్ను పంపండి, మా బావను ఉంచండి అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. నా భుజం మెల్లగా ఒత్తి చూసి, ఎండాకాలమంతా దాన్ని కదిలించవద్దని, వేడినీళ్ళ కాపడం పెట్టుకోమని చెప్పాడు. కఫీల్ ముద్ర పడిపోయింది, ఖలాస్ అన్నాడు. ఆ దయకు నాకు ఒళ్ళు మండిపోయింది. అసలు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాను. చెప్తే బావను ఏ కంపెనీ ఉంచుకోదు. నోరు మూసుకుని వచ్చేశాను.

బావ పెట్టె సర్దుకుంటున్నాడు. 'ఎవలకు చెప్పకు' అని ఒక్కటే మాట అన్నాడు. లారీ ఎక్కేటప్పుడు ఇంకా వెలుగుంది, నా సాయం లేకుండానే ఎక్కాడు.

ఆ తరువాతి రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. మా ట్యాంకు మీది నుంచి చూస్తే ఖాడీకి అవతల వాళ్ళ గిడ్డంగుల దీపాలు కనపడేవి. చీకట్లో పలక మీద నిలబడి వాటినే చూసేవాణ్ణి. అలవాటుకొద్దీ మెట్టు రాగానే దగ్గేవాణ్ణి, వెనక ఎవరూ ఉండేవారు కాదు. ఆ దీపాల మధ్య ఎక్కడో బావ పాదం ముందుకు పెడుతుంటాడని తలచుకుంటే నా పాదాల కింద పలక ఊగినట్టుండేది. తూర్పు తెల్లబడితే ఇవాళ్టికి గండం గడిచింది అనుకునేవాణ్ణి. మళ్ళీ సాయంత్రం నుంచి రేపటి భయం. ఒకట్రెండు శుక్రవారాలు ఖాడీ అంచు దాకా నడిచి పోయాను. అవతలికి దారి చుట్టు తిరిగి పోవాలి, గేటు పాసు లేనివాణ్ణి కాపలావాడు లోపలికి రానివ్వడు.

ఫిలిప్పీన్స్ వాడు మా క్యాంపుకు వచ్చాడు. మంచివాడు, నవ్వుతూ ఉండేవాడు, వాణ్ణి చూస్తేనే నాకు కంపరం. అయినా వాణ్ణే అడగాల్సి వచ్చింది. వాడికి తన పాత క్యాంపులో స్నేహితులు ఉన్నారు. ఆ సైటులో పని ఎప్పుడు మొదలవుతుందని అడిగితే, మీకంటే ముందే అన్నాడు. నిచ్చెనలు ఎలా ఉంటాయంటే, చెయ్యి నిటారుగా పైకి ఎత్తి చూపించాడు.

ఎండలు తగ్గి మళ్ళీ ఆటలు మొదలయ్యే వారంలో ఒక పొద్దున సైరన్ వినపడింది. ఖాడీకి అవతలి నుంచే. సాయంత్రం ఫిలిప్పీన్స్ వాడు నా మంచం దగ్గరికి వచ్చి, ఇండియా వాడొకడు గిడ్డంగి మీద నుంచి పడ్డాడట, పోయాడట అన్నాడు. పేరు తెలియదన్నాడు. ఏం పనివాడో అదీ తెలియదన్నాడు. ముదీర్‌ను అడిగితే కనుక్కుంటానన్నాడు, మరిచిపోయాడు. అక్కకు ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలా అని గోడవైపు తిరిగి మాటలు కూర్చుకునేవాణ్ణి. ఆ శుక్రవారం మొదటి ఆట వాళ్ళతోనే అని తెలిసి, ఆ రోజు రాకుండా ఉంటే బాగుండుననిపించింది. రాకపోతే బావ బతికే ఉంటాడు కదా అని వెర్రి ఆశ.

శుక్రవారం సాయంత్రం వాళ్ళ లారీ వచ్చింది. ఆటగాళ్ళు దిగారు. చూడటానికి వచ్చినవాళ్ళు దిగారు. అందరి తరువాత ఒక మనిషి పక్కబద్ద పట్టుకుని నింపాదిగా దిగి, లుంగీ దులుపుకున్నాడు. మా బావ. కొంచెం లావయ్యాడు.

నేను గ్రౌండు అంచునే కూర్చుండిపోయాను. ఆయనే నా దగ్గరికి వచ్చాడు. పడిపోయినవాడు ఎవరని అడిగాను. 'సిరిసిల్ల దిక్కు పిలగాడు. వానికి కండ్లు మంచిగనే ఉండె' అన్నాడు. నువ్వెలా ఉన్నావు, చీకట్లో ఎలా ఎక్కుతున్నావని అడిగాను.

'ఎక్కుత లేను. కింద షెడ్డుల రాడ్లు వంచే పనికి ఏసిండ్రు. పొద్దు పొడిసినంకనే రమ్మన్నరు. ఆడికి పోయిన దినమే ఫోర్‌మెన్‌కు చెప్పిన, నాకు రాత్రిపూట కనవడదని.'

వెళ్ళగొట్టలేదా అన్నాను. పనోళ్ళు దొరకనప్పుడు ఎవరు వెళ్ళగొడతారని నవ్వాడు. నాకు కోపం వచ్చింది. ఎవరికీ చెప్పకు అన్నది నువ్వే కదా, మరి మన క్యాంపులో ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదన్నాను.

'నువ్వుంటివి గదరా. నీ భుజముండంగ నాకు చెప్పే గరజు రాలే. ఆడ ఎవ్వలు లేరు. మొదటి మెట్టు కాడ నిలవడ్డ, కాలు లేవలే. చెప్పిన' అన్నాడు.

నన్ను పిలిచారు. వెళ్ళి విసిరాను. గెలిచామో ఓడామో ఇప్పుడు గుర్తు లేదు. ఆట అయ్యేసరికి పొద్దు గుంకింది. లారీ గ్రౌండు అవతల ఆగి ఉంది, మధ్యలో పైపులు, తవ్విన గుంతలు. అడగకుండానే బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను ముందు నడిచాను. మొదటి గుంత దగ్గర దగ్గుదామంటే దగ్గు రాలేదు. మెడ నుంచి కాళ్ళ దాకా ఒకటే వణుకు, ఆపుకుందామన్నా ఆగలేదు.

బావ నిలబడిపోయాడు. 'ఎందుకురా గట్ల వణుకుతున్నవు?' అన్నాడు, ఆ చీకట్లో నా ముఖం ఎటుందో తెలియక ఎటో చూస్తూ. 'భయపడకు. నేనున్న గద. మెల్లగ నడువు.'