కల్ అంటే రేపే అన్నాను

ఆ ఆదివారం నేను చేసినదాన్ని చాలా ఏళ్లు పొరపాటు అనే చెప్పుకున్నాను. పొరపాటు అంటే తెలియక చేసేది. నాకు తెలుసు. హిందీలో ‘కల్’ అనే మాటకు నిన్న అనే అర్థం ఉంది, రేపు అనే అర్థమూ ఉంది. పలాసలో ఒక ప్రైవేటు బడిలో హిందీ మాస్టారుగా ఆ సంగతి ఏటేటా నల్లబల్ల మీద రాసి పిల్లలకు చెప్పినవాణ్ణి. అయినా ఆ రోజు అందరి ముందూ కల్ అంటే రేపు తప్ప మరొకటి కాదన్నాను. మా బావమరిది నోరు మూయించడం కోసం అన్నాను.

తొంభైల చివరి సంవత్సరాలవి. ఆదివారం పొద్దున టీవీలో ఒక హిందీ సీరియల్ వచ్చేది. అంతరిక్షంలో దారితప్పిన ఓడ, అందులో ఇంటికి చేరాలని చూసే మనుషులు. దాని అసలు పేరు ఎవరికీ నోరు తిరక్క ‘ఓడ సీరియల్’ అనేవాళ్లం. రైల్వే గార్డుగా రిటైరైన ఒక పెద్దాయన ఇంట్లో కలర్ టీవీ ఉండేది. అందరూ చాప మీద కూర్చునేవారు. టీవీ పక్కన ఒక కుర్చీ మాత్రం నాది. ఓడవాళ్లు మాట్లాడే హిందీని ఎప్పటికప్పుడు తెలుగులో చెప్పేది నేనే గనుక, గార్డుగారు ఆ కుర్చీలో ఇంకెవర్నీ కూర్చోనిచ్చేవారు కాదు. వారంలో ఆరు రోజులు నన్నెవరూ అలా చూసేవారు కాదు. బడిలో లెక్కల మాస్టారికి ఉన్న విలువ హిందీ మాస్టారికి లేదు. అందుకని ఆ కుర్చీ అంటే నాకు ప్రాణం.

బావమరిది మా ఆవిడ తమ్ముడు. వాళ్లది ఇచ్ఛాపురం దగ్గర ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలోకి వస్తే ఒరియా. సూరత్‌లో బట్టల మిల్లులో నాలుగేళ్లు పనిచేసి వచ్చాడు, అక్కడ హిందీ పట్టుబడింది. పలాసలో జీడి ఫ్యాక్టరీలో పిక్కలు వేయించే బట్టీ దగ్గర చేరాడు. పిక్క కాలేటప్పుడు చిమ్మే నూనె చర్మాన్ని తినేస్తుంది. అతని చేతులు మోచేతుల దాకా నల్లగా, పొక్కులు కట్టి ఉండేవి. పొగకు దగ్గు కూడా పట్టుకుంది. ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీవాళ్లు ఆఫీసులో ఫోను దగ్గర కూర్చుని ఉత్తరాది వ్యాపారులతో హిందీలో మాట్లాడే మనిషి కోసం చూస్తున్నారు. బట్టీ నుంచి బయటపడడానికి అతనికి కనబడుతున్న దారి అదొక్కటే. మా ఆవిడ రోజూ ప్రార్థనలో తమ్ముడికి ఆ పని ఇప్పించమని అడిగేది. పక్కనే మోకరించి నేనూ ఆమేన్ అనేవాణ్ణి.

ఆ వారం కొత్త ఎపిసోడ్‌లో ఓడవాళ్లకు చీకట్లో తేలుతున్న పెద్ద ఇనపపెట్టె ఒకటి దొరికింది. తలుపు కోసి చూస్తే లోపల మనుషులు నిద్రపోతున్నారు. అందులో ఒక ముసలాయన కళ్లు తెరిచి, “హమ్ కల్ కే లోగ్ హైం” అన్నాడు. అంతే, ఎపిసోడ్ అయిపోయింది.

“ఏటన్నాడు మాస్టారూ?” అన్నారు గార్డుగారు.

“మేము రేపటి మనుషులం అన్నాడండీ. అంటే ముందు కాలం నుంచి వచ్చినవాళ్లన్నమాట.”

“నాను సెప్నేదా!” అని రేడియో షాపతను తొడ చరిచాడు. రేడియోలు బాగుచేసేవాడు గనుక ఓడలోని యంత్రాల మీద ఆఖరి మాట తనదే అనుకునేవాడు. “ఆళ్లు ఓడ లాక్కోడానికే వచ్చినారు. వచ్చే వారం సూడండి, కేప్టెన్ని లేపేత్తారు.”

బావమరిది చాప చివర నుంచి నెమ్మదిగా అన్నాడు: “నిన్నటోళ్లేమో బావా.”

“ఏటీ?” అన్నారు గార్డుగారు.

“కల్ అంటే నిన్న కూడా కదా. ఆళ్లు పాతకాలపోళ్లేమో. ఆ పెట్టి తలుపు సూసినావా, బందుల కాడ తుప్పట్టీసింది. రేపటోళ్ల పెట్టికి తుప్పెందుకు పడతాది?”

“అదా!” రేడియో షాపతను నవ్వాడు. “సీరియలు తీసినోడు పాతసామాను కొట్లో తలుపు కొన్నాడు. తుప్పుండక తేనె కారతాదేటి? ఇనపపెట్టి సంగతి నాకు సెప్తన్నాడు, జీడిపిక్కల గుంటడు!”

“పిక్కలు ఏపినోడికే తుప్పేటో తెలుస్తాది. నువ్వు రేడియో ఇప్పితే మళ్లీ బిగించడం రాదు. మా వీధిలో మూడు రేడియోలు నీ పేరు సెప్పుకుని సచ్చినాయి.”

చాప మీద అందరూ నవ్వారు. గార్డుగారు కూడా నవ్వి, “తుప్పు మాట బాగానే ఉంది మాస్టారూ. ఇంతకీ కల్ అంటే ఏటి? ఒకటా, రెండా?” అని నావైపు తిరిగారు.

అప్పుడు అవును, రెండూ అని ఉంటే సరిపోయేది. అందరూ ఒక వారం ఆగి చూసేవాళ్లు. కాని అందరి కళ్లూ కుర్చీ మీద నుంచి చాప చివరికి వెళ్లి మళ్లీ నా మీదికి వచ్చాయి. నాకు ఒళ్లు మండింది.

“ఒకటే. రేపు.”

“అదేటి బావా! మా ఒరియాలో కాలి అంటే నిన్నకీ అదే, రేపుకీ అదే. హిందీలోనూ అంతే. మిల్లులో నాలుగేళ్లు అలగే మాటాడినాం.”

“మిల్లులో నేర్చింది హిందీ కాదురా, తిట్లు. బండి వచ్చిందని చెప్పమంటే గాడీ ఆయా అంటావు, ఆయీ అనాలని తెలీదు. ఆడా మగా తేడా తెలీనివాడివి, నిన్నా రేపూ తేడా నీకేం తెలుస్తుంది? బట్టీ దగ్గర పాఠాలు చెప్పుకో, పో.”

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. రేడియో షాపతను అయితే “గాడీ ఆయా, గాడీ ఆయా” అంటూ రైలు కూత పెట్టాడు. బావమరిది చేతులు రెండూ లుంగీ మడతలోకి లాక్కున్నాడు. లేచి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ నావైపు చూశాడు.

“నీకు తెల్దా బావా? తెలిసే అంటన్నావు.”

అక్కణ్ణుంచి నేరుగా చర్చికి వెళ్లాం, అతను ముందు, నేను వెనక. నెలలో మొదటి ఆదివారం, ప్రభు బల్ల ఉన్న రోజు. ఎవరితోనైనా తగువుంటే సరిదిద్దుకుని బల్ల దగ్గరికి రావాలని పాస్టరుగారు ప్రతి నెలా చెబుతారు. ఆ రోజూ చెప్పారు. రొట్టె, చిన్న గ్లాసుల పళ్లెం బెంచీ వెంట బెంచీ వస్తున్నాయి. బావమరిది తన ముందుకు వచ్చిన పళ్లాన్ని ముట్టకుండా పక్కవాడికి అందించేశాడు. అది నేను చూశాను. తగువు అతనికి గుర్తుంది, అందుకే తీసుకోలేదు. పళ్లెం నా దగ్గరికి వచ్చింది. నేను తీసుకున్నాను.

ఆ పళ్లెం తిప్పిన డీకనుగారే జీడి ఫ్యాక్టరీలో గుమస్తా. ఆరాధన అయ్యాక గేటు దగ్గర నన్ను ఆపారు.

“వందనాలు మాస్టారూ. మీ బావమరిది తనకి హిందీ వచ్చునని సెప్తన్నాడు. ఫోను కాడ కూకోబెట్టొచ్చా? మీరెలగంటే అలగే సేత్తాను.”

నా మాటకు చాప మీద వచ్చిన నవ్వు నాలో ఇంకా మోగుతూనే ఉంది. “బజారు హిందీ అండీ. మాట తారుమారు చేస్తాడు. నిన్న అన్నదాన్ని రేపంటాడు. లోడు విషయంలో అలాంటివాణ్ణి నమ్మితే మీకే నష్టం” అన్నాను.

ఆయన తల ఊపి వెళ్లిపోయారు. వెనక్కి తిరిగితే మా ఆవిడ. చేతిలో పాటల పుస్తకం ఛాతీకి అదుముకుని నిలబడి ఉంది. మొత్తం విన్నది.

ఇంటికి వచ్చి అన్నం పెట్టింది. నేను రెండో ముద్ద కలుపుతుండగా అంది:

“మాయమ్మ కాలి అంటే నిన్నా రేపా అని అడగాల్సొచ్చీది. కాలి రెండూ అని, హిందీలోనూ అంతేనని నువ్వే నవ్వీవోడివి. పిల్లలకి సదువు సెప్తుంటే నాను వంటింట్లోంచి యిన్నాను. నీకు తెలుసు.”

“అది కాదు...”

“నా తమ్ముడి సేతులు సూసినావా ఎప్పుడైనా? దగ్గరగా?”

చూడలేదు. చూసి ఉంటే గేటు దగ్గర అన్న మాట నోట్లోంచి వచ్చేది కాదు. ఆమె కంచం తీసుకెళ్లిపోయింది.

సోమవారం బడి వదలగానే సైకిలు మీద ఫ్యాక్టరీకి వెళ్లాను. అంతకుముందు ఎప్పుడూ ఆ గేటు దాటలేదు. ఆఫీసుకు వెళ్లే దారి బట్టీ షెడ్డు పక్కనుంచే. అక్కడ పది అడుగులు నడిచేసరికి కళ్లలో నీళ్లు కారాయి, గొంతు పట్టేసింది. అతను రోజంతా అక్కడే ఉంటాడు.

గుమస్తాగారితో ఉన్నదున్నట్టు చెప్పాను. తగువు దేని మీదో, కల్ అంటే ఏమిటో, నేను ఏమన్నానో, ఎందుకన్నానో.

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “నాను తిప్పిన పళ్లెం మీంచి గ్లాసు తీసుకున్నారు. పావుగంట తిరక్కుండా గేటు కాడ అబద్ధం ఆడినారు. టీవీలో బొమ్మల కోసం.”

“అవునండీ.”

“ఆడు పళ్లెం ముట్టలేదు. ఆడిలో ఏదో తప్పుందనుకున్నాను నాను.” ఆయన గొంతు పెరిగింది. “ఇప్పుడు వచ్చునంటన్నారు. నిన్న రాదన్నారు. మీ మాటల్లో ఏది నమ్మాలి?”

“నా మాట నమ్మకండి. అతన్నే పిలిచి మాట్లాడించండి.”

ఆయన బట్టీ దగ్గరికి మనిషిని పంపారు. బావమరిది తలగుడ్డతో ముఖం తుడుచుకుంటూ వచ్చి, గుమ్మంలో నన్ను చూసి ఆగిపోయాడు.

“నాను లోపలికి రాను గుమస్తాగోరూ. ఈయన సిఫార్సు నాకొద్దు.”

“సిఫార్సు కాదు. నేను అబద్ధం చెప్పానని ఒప్పుకోడానికి వచ్చాను” అన్నాను.

“నాకు సెప్పావేటి ఆ అబద్ధం? చాప మీద కూకున్నోళ్లందరికీ సెప్పినావు. అక్కడికెళ్లి ఒప్పుకో.”

గుమస్తాగారు ఫోను కలిపి మా మధ్యన రిసీవరు చాపారు. అవతల నాగపూరు వ్యాపారి. నన్ను పక్కకు జరగమని చేత్తో సైగ చేశారు. బావమరిది నల్లటి చేతిని తలగుడ్డకు తుడుచుకుని రిసీవరు అందుకున్నాడు. మిల్లు హిందీయే మాట్లాడాడు. ఆడా మగా అన్నీ కలిపేశాడు. అవతలాయనకు మాత్రం ఏ ఇబ్బందీ ఉన్నట్టు లేదు. మధ్యలో ఒకచోట బావమరిది ఆగి ఇలా అడిగాడు: “కౌన్‌సా కల్ సేఠ్‌జీ? బీతా హువా, కి ఆనేవాలా?”

ఏ కల్, గడిచిందా, రాబోయేదా అని. ముందురోజు గార్డుగారింట్లో నేను అడగవలసిన ప్రశ్న అదే.

గుమస్తాగారికి ఆ హిందీ ఎంత అర్థమైందో తెలియదు. ఫోను పెట్టేశాక, “గురువారం నుంచి పొద్దుటిపూట ఇక్కడ కూకో, మజ్జాన్నం బట్టీ. నెల సూత్తాను” అని అతనితో అన్నారు. బావమరిది తలగుడ్డ చుట్టుకుని షెడ్డులోకి వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం అతను గార్డుగారింటికి రాలేదు. టీవీ పెట్టకముందే నేను కుర్చీ పక్కన నిలబడి చెప్పాను. కల్‌కి రెండు అర్థాలున్నాయని, ఆ సంగతి తెలిసే లేదన్నానని, బావమరిది చెప్పిందాంట్లో తప్పు లేదని.

“అయితే ఇన్నాళ్లూ మాకు సెప్పిన కతంతా ఇలగేనేటి?” రేడియో షాపతను చాప మీంచి లేచేశాడు. “ఓడోళ్లు ఒకటంటే నువ్వొకటి సెప్పినావా? ఎన్ని వారాలు నీ మాట నమ్మి కొట్టుకు సచ్చినాం!”

“మా సర్వీసులో తెలిసీ తప్పు జెండా ఊపినోణ్ణి మళ్లీ బండెక్కనిచ్చీవారు కాదు మాస్టారూ” అన్నారు గార్డుగారు, నా ముఖం చూడకుండా.

సీరియల్ పాట మొదలైంది. నేను బయటికి వచ్చేశాను. బావమరిది ఇల్లు రెండు వీధుల అవతల. అతను గుమ్మంలో కూర్చుని చేతులకు కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. నేను మెట్టు కింద నిలబడ్డాను.

“అక్కడ చెప్పేశాను. అందరి ముందూ.”

“ఏటన్నారు?”

“తిట్టారు.”

“మంచిపని సేసినారు.” అతను నూనె సీసాకు మూత పెట్టాడు. “పెట్టిలో ఉన్నోళ్లు నిన్నటోళ్లా, రేపటోళ్లా?”

“తెలీదు. చూడకుండా వచ్చాను.”

అతను లేచి దండెం మీద చొక్కా లాగి తొడుక్కుని, “నీ కోసం కాదు. పెట్టి సంగతి తేలాలి” అని నాకంటే ముందు నడిచాడు.

మేం వెళ్లేసరికి సగం అయిపోయింది. చెప్పేవాడు లేక అందరూ బొమ్మలు చూస్తూ ఊరికే కూర్చున్నారు. కుర్చీ ఖాళీగా ఉంది. నేను గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చున్నాను. అతను కుర్చీ వైపు ఒకసారి చూసి వెళ్లి అందులో కూర్చున్నాడు. తెర మీద ముసలాయన ఏదో చాలాసేపు చెప్పాడు.

“ఆళ్ల ఊరు మునిగిపోయి వందల ఏళ్లయిందంట. అప్పుట్నుంచీ తొంగునే ఉన్నారంట” అన్నాడు బావమరిది.

రేడియో షాపతను మెడ తిప్పి నన్ను వెతికాడు. “అంతేనా మాస్టారూ? సరిగ్గా సెప్తన్నాడా?”

“నన్నడక్కు. ఆయన్నే అడుగు” అన్నాను.