హారతి పట్టని గుమ్మం

యారాడలో నా చిన్నప్పుడు మాకు దేవుడి తరవాత మా చిన్నమావయ్యే. చేపల వేట మానేసి బాక్సింగ్‌లోకి వెళ్తానన్నప్పుడు ఊరంతా నవ్వింది. పోర్టులో దిగిన ఓడ కళాసీ ఒకణ్ణి మొదటి రౌండులోనే పడగొట్టాడు, నవ్విన నోళ్లు మూతపడ్డాయి. ఆ తరవాత కలకత్తాలో గెలిచాడు, మద్రాసులో గెలిచాడు. డబ్బిచ్చి ఆడించే పోటీలు కాబట్టి దెబ్బలు కూడా గట్టివే. పన్ను ఊడినా నవ్వుతూనే ఇంటికొచ్చేవాడు మహానుభావుడు.

చివరికి ఛాంపియన్ బెల్టు కోసం ఆడే పోటీ మా విశాఖలోనే పెట్టారు. లారీలెక్కి ఊరు ఊరంతా వెళ్లాం. మావయ్య తల్లి, మా అమ్మమ్మ, నన్ను పక్కన కూచోబెట్టుకుంది. అవతలివాడు మద్రాసు కుర్రాడు, బక్కగా ఉన్నా మహా చురుకు. సగం పోటీ అయ్యేదాకా మావయ్య దెబ్బ ఒక్కటీ సరిగ్గా తగల్లేదు. అంతలో ఇద్దరి తలలూ గుద్దుకుని ఆ కుర్రాడి కనుబొమ్మ చిట్లింది. నెత్తురు కంట్లోకి కారి, ఆ పక్కనుంచి వచ్చే దెబ్బ వాడికి కనబడ్డం మానేసింది. మావయ్య ఇక వేరే చోట కొట్టలేదు. ఆ కన్ను మీదే కొట్టాడు, మళ్లీ మళ్లీ కొట్టాడు. ఆటలో అది తప్పు కాదట. జనం గంతులేస్తుంటే అమ్మమ్మ తన కొంగుతో నా మొహం కప్పేసింది.

మావయ్య బెల్టు నడుముకి కట్టుకుని డప్పులతో ఊళ్లోకి వచ్చాడు. గెలిచొచ్చిన ప్రతిసారీ అమ్మమ్మ గుమ్మంలో హారతి పట్టేది. ఆరోజు గుమ్మంలో నిలబడింది గానీ చేతిలో పళ్లెం లేదు.

"ఆ పిల్లోడి కన్ను ఎలాగుందిరా?" అంది.

"నాకేటి తెల్సమ్మా," అన్నాడు మావయ్య.

మావాళ్లకి ఒక కట్టుబాటుంది. సముద్రం మీద ఎవరి వలైనా తెగితే, చెదిరిన ఆ చేపల కోసం పక్క పడవవాడు వల వెయ్యడు. ముందు వెళ్లి ఆ తెగిన వల లాగడానికి చెయ్యేస్తాడు.

"తెగిన వల కాడ సేపలేరుకుని వచ్చీసి, నన్ను ఆరతి పట్టమంతన్నావేటి?" అంది అమ్మమ్మ.

డప్పులు ఆగిపోయాయి. మావయ్య తల దించుకుని బెల్టు విప్పేశాడు. ఊరందరి ముందూ మా ఇంటి పరువు పోయిందని నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు అమ్మమ్మ చేపల పులుసు క్యారేజీలో సర్ది మా ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆ కుర్రాడి కంటికి కట్టు కట్టి ఉంది. మావయ్యని చూసి లేచి కూచుని, నవ్వుతూ చెయ్యి చాపాడు. బాగా ఆడావన్నట్టు భుజం తట్టాడు. వాడు తిట్టినా బాగుండేది. మావయ్య ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఒకరి మాట ఒకరికి రాకపోయినా అమ్మమ్మ ఆ పిల్లాడికి ముద్దలు కలిపి పెట్టింది. ఆ కంటికి చూపు మళ్లీ రాలేదని తరవాత తెలిసింది.

బెల్టు నిలబెట్టుకోడానికి మావయ్య ఇంకొక్క పోటీ ఆడాడు. అప్పుడూ అవతలివాడి కనుబొమ్మ చిట్లింది. ఈసారి మావయ్య చెయ్యి ఆ వైపు లేవలేదు. పక్కటెముకల మీద కొట్టాడు, పొట్ట మీద కొట్టాడు, ఓడిపోయాడు. మావయ్య పని అయిపోయిందని ఊళ్లో చెప్పుకున్నారు.

డప్పులూ జనం లేకుండా నడిచొచ్చిన మావయ్యకి అమ్మమ్మ గుమ్మంలో పళ్లెంతో ఎదురొచ్చింది. మావయ్య తలెత్తలేదు.

"ఆ పిల్లోడికి కన్ను రాదు గదమ్మా," అన్నాడు.

"రాదు," అంది అమ్మమ్మ, కర్పూరం వెలిగిస్తూ.

ఇప్పుడు నేనూ అమ్మమ్మనయ్యాను. మనవలు ఆటల్లో కప్పులు గెలుచుకొస్తారు. పళ్లెం పట్టే ముందు, ఓడినవాళ్లు ఎలా ఉన్నార్రా అని అడుగుతాను. ముసల్దానికి చాదస్తమని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆసుపత్రి మంచం మీంచి నవ్వుతూ చాపిన ఆ చెయ్యి గుర్తొస్తే, ఇప్పటికీ నాకు తలెత్తబుద్ధి కాదు.