చీపురుపుల్ల ఒరగకూడదు

మొన్న మంగళవారం అమ్మ ఫోన్ చేసింది. "సాన తాత పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగి పండుకున్నడంట, ఇగ లేవలే" అంది. అప్పుడు నేను శామీర్‌పేటలో, నా దగ్గర స్కేటింగ్ నేర్చుకునే ఒక చిన్నపిల్లకు చక్రాల స్కేట్స్ కడుతున్నాను. ఆ ముడి వేసేసి మేడ్చల్ బస్సెక్కాను.

మేడ్చల్ బస్టాండు పక్కన కొడవళ్లకు, మాంసం కత్తులకు సాన పట్టే మనిషికీ, మన దేశపు అమ్మాయిల ఐస్ హాకీ జట్టుకీ ఏం సంబంధమని మీరు అడగొచ్చు. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల ఆ జట్టులో నేనున్నాను. మంచు మీద నన్ను నిలబెట్టింది ఆయనే.

సిమెంటు గచ్చు మీద చక్రాలతో ఆడుతున్న నాకు రెండేళ్ల కిందట జట్టు ఎంపికకు పిలుపు వచ్చింది. ఎవరో వాడిన ఐస్ స్కేట్స్ కొన్నాం. బ్లేడ్లు మొద్దుబారి ఉన్నాయి. తాత ఒక పూటంతా కూర్చుని, వాటికి కొడవలిలా ఒక్క అంచు తీసి, వెంట్రుకను కోసి చూపించాడు. ఇద్దరం తెగ మురిసిపోయాం. తీరా మంచు మీద తొలి అడుగుకే బొక్కబోర్లా పడ్డాను. అక్కడి కోచ్ బూటు తిరగేసి చూసి తల పట్టుకున్నారు. బ్లేడు అడుగున సన్నని గాడి, దానికి రెండు వైపులా సమానంగా రెండు అంచులు ఉండాలట. నాకూ తెలియదు, తాతకూ తెలియదు. ఆ ఏడు ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

కోపంతో బూట్లు తీసుకెళ్లి తాత ముందు పడేశాను. ఆయన సాకులు చెప్పలేదు.

"తప్పు నాదే బిడ్డా. కత్తి అనుకున్న. దీనిమీద మనిషి నిలవడాలె అన్న సోయి లేకపాయె" అన్నాడు.

సరిగ్గా అడిగి తెలుసుకోని తప్పు నాది కూడా. అదీ తనమీదే వేసుకున్నాడు.

ఆ తర్వాత కొన్ని నెలలు పాత ఇనుప పట్టీల మీద గాడి తీయడం నేర్చుకున్నాడు. సానరాయి అంచును గుండ్రంగా అరగదీసుకున్నాడు. గిరాకీ వస్తే "ఆగుర్రి, పొల్ల బూట్ల పనుంది" అనేవాడు. కుదిరిందనుకున్నాకే నా బ్లేడ్లు ముట్టుకున్నాడు. పని అయ్యాక బూటు తలకిందులుగా పట్టి, రెండు అంచుల మీద అడ్డంగా చీపురుపుల్ల పెట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. పుల్ల ఏ పక్కకు ఒరిగినా పని మళ్లీ మొదటికే. "నువ్వు గూడ జూడు. నన్ను నమ్మకు, పుల్లను నమ్ము" అనేవాడు.

మరుసటి ఏడు జట్టులోకి వచ్చాను. విదేశంలో ఆడిన పోటీల్లో ఒక్కటి గెలిచాం, మిగతావన్నీ ఓడాం. తిరిగొచ్చి ఫోన్‌లో ఆట చూపిస్తే తాత గోల్స్ పట్టించుకోలేదు, నా కాళ్లే చూశాడు.

"ఓడినం తాతా."

"జారినవా?"

"లే."

"మరింకేంది! చాయ్ తాగు."

వచ్చే నెల మళ్లీ శిబిరం. వయసు రీత్యా ఈ జట్టులో నాకిదే ఆఖరు. పోయిన నెల తాత వణికే చేతులతోనే సాన పట్టి, "జూస్కో" అని పుల్ల అందించాడు. ఆయన ముందే పుల్ల ఒరిగితే ఎట్లా అని, చూడకుండానే "మస్తుంది తాతా" అని సంచిలో వేసుకున్నాను. శిబిరంలో మిషను మీద మళ్లీ సాన పట్టించుకుందాంలే అని మనసులో అనుకున్నాను కూడా. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఆయన్ను సాగనంపి ఇంటికొచ్చి, స్నానం చేసి, సంచి విప్పాను. బూటు తిరగేసి పుల్ల పెట్టి, ఒక కన్ను మూసి చూశాను. రెండో బూటు మీదా పెట్టాను.

పుల్ల ఎటూ ఒరగలేదు.