తప్పంతా సూర్యుడిదే

బొగ్గుగని కార్మికులుండే సెంటినరీ కాలనీలో, మా క్వార్టర్ల లైన్లో ఏం చెడినా శాంతిరాజ్ సారు నేరం సూర్యుడి మీద మోపుతారు. ఫిజిక్స్ సారుగా రిటైరయ్యారు గానీ పాఠం మాత్రం రిటైర్ కాలేదు. మా ఇంట్లో పాలు పొంగినా, షేర్ ఆటో స్టార్టు కాకపోయినా కారణం ఒకటే: సూర్యుడు విద్యుదావేశ కణాలు విసిరాడు.

"విసిరితె భూమి ఊకుంటదా?" అని మొదలుపెడతారు. భూమి అయస్కాంత రేఖల చుట్టూ ఆ కణాలు సుడులు తిరుగుతూ ఉత్తరానికి ఉరుకుతాయి. ధ్రువం దగ్గరపడగానే మళ్లీ దక్షిణానికి మళ్లుతాయి, షిఫ్టులు మారినట్టు. పైగా ఎలక్ట్రాన్లు తూర్పుకు, ప్రోటాన్లు పడమరకు జరుగుతాయి. సూర్యుడి నుంచి గాలి గట్టిగా వీస్తే, చీకటి వైపు రేఖలు ఉండేలు రబ్బరులా సాగి, తెగి, కణాలను ఇంకా వేగంగా కొడతాయి. కూరగాయలకని బయల్దేరినవాళ్లు ఇదంతా విని అంగడికి చేరేసరికి మిగిలేది వాడిన తోటకూరే.

మొన్న ఎండాకాలం లైనుకంతా ఉమ్మడిగా ఉన్న నీళ్ల మోటారు కాలిపోయింది. నైట్ షిఫ్టు దిగినవాళ్లలో ఒకరు మోటారు వేసి, ట్యాంకు నిండేదాకా కనిపెట్టుకుని ఉండాలి. ఆ రోజు వంతు సదయ్యది. మోటారు వేసి గోడకు ఆనుకుని నిద్రపోయాడు. సంపులో నీళ్లు అయిపోయాయి, మోటారు ఉత్తగా తిరిగి మాడిపోయింది.

మా లైన్లోనే ఉండే భూపాల్ ఖాళీ బిందెతో వచ్చాడు. మోటారు బాగయినా సరే, సదయ్య ఇంటికి నీళ్లు బందు పెట్టాలన్నాడు. పదిమందీ ఔనన్నారు. గుమ్మంలో సదయ్య భార్య అనసూర్య పసిగుడ్డునెత్తుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడింది. సదయ్య తలెత్తలేదు.

"నిన్న సూర్యుని మీద పెద్ద తుఫాను లేసింది. మోటారు ఎట్ల తట్టుకుంటది?" అంటూ సారు సుద్దముక్క తీశారు.

గోడ మీద భూమి బొమ్మ పూర్తికాకముందే సగంమంది జారుకున్నారు. ఎలక్ట్రాన్లు తూర్పుకు తిరిగేసరికి భూపాల్‌కు కూడా డ్యూటీ గుర్తొచ్చింది. సారు మోటారును స్కూటర్‌కు కట్టుకుని వైండింగ్ షాపుకు వెళ్లారు. నీళ్లు బందు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తర్వాత నేను నిలదీశాను. "నిజం చెప్పుండ్రి సార్. కణాలతోనే కాలిందా?"

"అవి ఈడిదాక యాడికెళ్లి వస్తయి వీరేందరూ? అయస్కాంతం మలుపుతది. తప్పిచ్చుకున్నయి గాలిల ఆగుతయి."

"మరి?"

"పొద్దంత పసిగుడ్డుతోని దవాఖాన, రాత్రంత డ్యూటీ. సదయ్యకు కన్నంటుకుని ఎన్ని రోజులైందో. పదిమంది మీదపడితె ఆయనకు అడ్డం ఏమున్నది?"

ఆ మాటకు నాకు ఆయన పాఠాలన్నీ ఒక్కసారిగా ముద్దొచ్చాయి.

సాయంత్రం సదయ్య తప్పు ఒప్పుకుందామని సారింటికి వచ్చాడు. సారు ఒప్పుకోనివ్వలేదు. కుర్చీ వేసి, కూర్చోబెట్టి, ప్రోటాన్లతో మొదలుపెట్టారు. రెండో మాటకే సదయ్య గుర్రు పెట్టాడు. సారు ఫ్యాను అతని వైపు తిప్పి గొంతు తగ్గించారు. పాఠం మాత్రం ఆపలేదు.