జిమ్ గుమ్మం ముందు చెప్పులు

మా ఆఫీసులో జిమ్ పెట్టిన ఏడాది నా జాకెట్లన్నీ చేతుల దగ్గర బిగుతైపోయాయి. కోఠీలో ఎన్నో ఏళ్లుగా నాకు జాకెట్లు కుట్టే టైలరు టేపు పెట్టి చూశాడు, తీసి మళ్లీ పెట్టి చూశాడు. "ఏంది మేడం, ఇంట్ల రోట్ల పిండి గిట్ల రుబ్బుతున్నరా?" అన్నాడు. మిక్సీలు అమ్మే కంపెనీలో పనిచేసే మనిషిని అడగాల్సిన ప్రశ్న కాదది. జిమ్‌కు పోతున్నానని చెప్పాను. నమ్మలేదు. నిజానికి నేను చెప్పింది అబద్ధమేమీ కాదు.

మా ఆఫీసు అబిడ్స్ నుంచి గన్‌ఫౌండ్రీకి పోయే ఒక సందులో ఉండేది. కింద షోరూము, మొదటి అంతస్తులో అకౌంట్స్, రెండో అంతస్తులో మేము. మేమంటే, ఫ్యాన్లూ మిక్సీలూ పాడైనవాళ్లు ఫోన్ చేసి తిడితే వినేవాళ్లం. విని విని ఆ మాటలు నాకూ కొన్ని పట్టుబడ్డాయి. పాటలు పాడే నోటితో ఆ మాటలేమిటని ఆదివారం చర్చికి బయలుదేరేటప్పుడు మా అమ్మ బాధపడేది. మూడో అంతస్తులో డాబాను ఆనుకుని ఒకే ఒక గది ఉండేది. అది ఆడవాళ్ల గది. ఆ సంగతి ఎక్కడా రాసిపెట్టి లేదు, అదే మా కొంప ముంచింది.

ఆఫీసు మొత్తం మీద ఏడుగురం ఆడవాళ్లం. ఒంటిగంటకు డబ్బాలు పట్టుకుని పైకెక్కేవాళ్లం. గదిలో రెండు చాపలు, ఒక కూజా, ఒక దిండు. కిటికీ తెరిస్తే పక్క హోటలు వంటింట్లో ఉల్లిపాయలు వేగే వాసన వచ్చేది. కూర బాగా కుదరని రోజున ఆ వాసనతో అన్నం తినేసేవాళ్లం.

దిండు అక్కది. అక్క అకౌంట్స్‌లో టైపిస్టు. కాచిగూడలో తాతల నాటి ఇంట్లో ఉండే మనిషి. మా అందరికంటే ముందు చేరింది కాబట్టి మేనేజరుతో సహా అందరికీ అక్కే. జిమ్ రావడానికి ముందు ఏడాది ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయింది. అది సరిగ్గా మానలేదు. మధ్యాహ్నం అరగంట వెల్లకిలా పడుకోవాలి, అది కుదరకపోతే ఉద్యోగం మానెయ్యాలి అని దవాఖానలో చెప్పారు. వాళ్లాయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది. ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే, రిటైర్ కావడానికి ఇంకా నాలుగేళ్లుంది. కాబట్టి ఆ గది ఉంటేనే ఆమెకు ఉద్యోగం. మేనేజరుకు మాత్రం ఎవరమూ చెప్పలేదు. చెబితే "రెస్టు తీసుకోండమ్మా" అంటాడు. ప్రైవేటు కంపెనీలో ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా సేల్స్ కుర్రాళ్లు ఇద్దరు హైటెక్ సిటీలో ఏదో కంపెనీకి వెళ్లిపోయారు. ఎందుకు వెళ్లారా అని మేనేజరు అక్కడ తన స్నేహితుడి ఆఫీసు చూసొచ్చాడు. జీతాలు కూడా అడిగే ఉంటాడు గానీ, ఆయన మనసులో పడింది మాత్రం జిమ్. తిరిగొచ్చిన మర్నాడే నోటీసు బోర్డు మీద కాగితం పెట్టాడు: సిబ్బంది ఆరోగ్యం కోసం మూడో అంతస్తులో జిమ్.

అడగడానికి నన్ను పంపారు. కోపం కాస్త తొందరగా వచ్చే మనిషి ఆఫీసుకొకరు ఉండాలి.

"సర్, గా గదిల మేం అన్నం తింటం" అన్నాను.

"సీట్ల దగ్గరే తినండమ్మా. ఆ గది ఎలాగూ ఖాళీగానే ఉంటుందిగా" అన్నాడు. ఆయనది గుంటూరు వైపు, ఏం చెప్పినా మర్యాదగానే చెబుతాడు.

"ఖాళీ ఎక్కడుంది సర్? మేమందరం గాన్నే ఉంటం."

"ఒక్క గంటే కదమ్మా. మిగతా రోజంతా ఖాళీయేగా?"

ఆ లెక్కన ఆయన ఇంట్లో పడకగది కూడా ఖాళీయే. ఆ మాట అనలేదు. అక్క సంగతి నాలుక చివరిదాకా వచ్చింది, దాన్నీ మింగాను. నా ముఖం చూసి ఏమనుకున్నాడో, "మీకూ టైమిస్తాను. ఒంటిగంట నుంచి రెండింటిదాకా లేడీస్ టైమ్. మగవాళ్లెవరూ అటు రారు" అన్నాడు. థాంక్స్ చెప్పి వచ్చాను. మెట్లెక్కుతుంటే ఎందుకు చెప్పానా అని నా మీద నాకే కోపం వచ్చింది.

సామాన్లు లారీలో వచ్చాయి. ఒక పెద్ద మిషను మెట్ల మలుపులో తిరగనని మొరాయిస్తే హమాలీలు మెట్ల పక్క కటకటాలు ఊడదీసి దాన్ని పైకి చేర్చారు. పరుగెత్తే మిషను, సైకిలు, డంబెల్సు, బరువులెత్తేటప్పుడు పడుకునే నల్ల రెగ్జిన్ బెంచీ, గోడ నిండా అద్దం. ప్రారంభం రోజున అన్నిటికీ బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. కొత్త బండి కొన్నప్పటిలాగే నిమ్మకాయ తొక్కించాలని మేనేజరు అన్నాడు. పరుగెత్తే మిషనుకు చక్రాలు లేవు. కాసేపు చర్చ జరిగాక నిమ్మకాయను బెల్టు మీద పెట్టి స్విచ్ వేశారు. అది వేగంగా వెనక్కి వెళ్లి గోడకు కొట్టుకుని డాబా మీదికి దొర్లింది. అందరం చప్పట్లు కొట్టాం.

మొదటి వారం మగవాళ్లు పోటీలు పడి వెళ్లారు. రెండో వారం నడుములు పట్టుకుని వచ్చారు. ఆ తర్వాత రావడం మానేశారు. పొద్దున పెందలాడే వచ్చే అలవాటు మా ఆఫీసులో ఎవరికీ లేదు. సాయంత్రమైతే ఒకరికి నాంపల్లిలో రైలు, ఒకరికి కోఠీలో బస్సు. "బస్సెనక ఉరకనీకె జర దమ్ము మిగలాలె గదా మేడం" అని ఒక సేల్స్ అబ్బాయి నాకు వివరంగా చెప్పాడు.

లేడీస్ టైమ్‌లో మేం డబ్బాలు పట్టుకుని ఎప్పటిలాగే పైకెళ్లాం. మిషన్ల మధ్య చాపలు పరిచి అద్దానికి ఎదురుగా కూర్చున్నాం. పక్కవాళ్లు తింటుంటే చూడ్డం వేరు, మనం ముద్ద మింగడం మనమే చూడ్డం వేరు. రెండో రోజు నుంచి అద్దానికి వీపు పెట్టి తిన్నాం. అక్క పడుకోవడానికి నేల మీద చోటు లేదు. మనిషి పొడుగు ఉన్నది ఆ బెంచీ ఒక్కటే. ఆమె తినడం ముగించి, దిండు వేసుకుని దాని మీద పడుకుని, కొంగు కళ్ల మీదికి లాక్కుంది. సరిగ్గా ఆమె ముఖం పైన, రెండు కొక్కేల మీద, రెండు వైపులా గుండ్రటి బరువులు తగిలించిన ఇనుప రాడ్ ఉంది.

"అక్కా, గా రాడ్ మీద పడ్తది" అన్నాను.

"పడితే పడనీ. చాప కంటె మెత్తగుంది."

డబ్బా పక్కన పెట్టాను. లేచి, స్టోర్స్‌లో పనిచేసే ఆమెను పిలిచి, ఇద్దరం చెరోవైపు పట్టి ఆ రాడ్ ఎత్తి కింద పెట్టాం. రెండు గంటలకు మళ్లీ ఎత్తి కొక్కేలకు తగిలించాం. రోజూ ఇదే పని. కంపెనీ జిమ్‌లో క్రమం తప్పకుండా బరువులెత్తింది మేమిద్దరమే. టైలరుకు ఇదంతా ఎక్కడ చెప్పేది?

అన్నం తినే చోటు కాబట్టి మేం చెప్పులు గుమ్మం బయటే విడిచేవాళ్లం. జిమ్ ఎలా నడుస్తోందో చూద్దామని మేనేజరు ఒకరోజు మధ్యాహ్నం మెట్లెక్కాడు. లేడీస్ టైమ్ కదా, పెద్దమనిషి, మలుపు దగ్గరే ఆగిపోయాడు. అక్కణ్నుంచి వరసగా చెప్పులు కనిపించాయి. అప్పుడే మేం రాడ్ కింద పెట్టినట్టున్నాం, ఇనుము చప్పుడూ వినిపించింది. తృప్తిగా దిగిపోయాడు. ఆ తర్వాత తరచూ వచ్చి చెప్పులు చూసి వెళ్లేవాడట. నెల మీటింగులో లేచి, "ఆడవాళ్లను చూసి సిగ్గు తెచ్చుకోండయ్యా. ఒక్కరోజూ మానరు!" అన్నాడు. మగవాళ్లు మా వైపు భయంగా చూశారు. నాతో ఎప్పుడూ వాదించే సర్వీసు ఇంజనీరు ఆ రోజు నుంచి వాదించడం మానేశాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మా ఉత్సాహం యజమాని దాకా వెళ్లింది. ఆయన మెచ్చుకుని, వచ్చే సోమవారం నుంచి లేడీస్ టైమ్‌కు ఒక లేడీ ట్రైనర్‌ను పెట్టమన్నాడు.

ఆ కబురు విన్న రోజు అక్క పడుకోలేదు. బెంచీ చివర కూర్చుని దిండు గలీబు విప్పి మడతపెట్టింది.

"ఇగ చాలు. రాజీనామ ఇచ్చేస్త. ఎన్ని దినాలు దాస్తరు మీరు? నా వల్ల మీకు మాటొస్తది."

"సోమవారం దాంక ఆగు అక్కా."

"సోమవారం ఏమైతది?"

ఏమవుతుందో నాకూ తెలియదు. నాకు ఆమె మీద కోపం వచ్చింది, మేనేజరు మీద, యజమాని మీద, ఆ నిమ్మకాయ మీద కూడా వచ్చింది. బాత్‌రూములోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద ఉండి, ఆ ట్రైనర్ పిల్ల కాలు బెణికేలా చూడమని ప్రార్థించాను. పెద్దగా కాదు, కొన్ని వారాలు కట్టు కట్టుకునేంత.

సోమవారం రెండు కాళ్లతోనూ వచ్చింది. పాతికేళ్లు ఉంటాయేమో, ట్రాక్ సూటు, మెడలో విజిల్. గుమ్మం దగ్గర మా చెప్పులు చూసి తనూ బూట్లు విప్పి లోపలికొచ్చింది. అందులో నాకు కొంచెం ఆశ కనిపించింది. లోపల మేం డబ్బాల చుట్టూ కూర్చుని ఉన్నాం. అక్క బెంచీ మీద నిటారుగా కూర్చుంది.

"షురూ చేద్దామా?" అంది ఆ పిల్ల.

రాత్రంతా తయారుచేసుకున్న ఉపన్యాసం ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. "ముందుగాల అన్నం తినాలె" అన్నాను.

ఆ పిల్ల మా వైపు చూసింది, తర్వాత బెంచీ వైపు చూసింది. "గీ దిండు ఎవరిది?"

"నాది బిడ్డా" అంది అక్క. ఆపరేషన్, దవాఖానలో చెప్పింది, ఇంటి సంగతి, మిగిలిన నాలుగేళ్లు, అన్నీ ఆమే చెప్పింది. టైపు చేసిన కాగితం చదివి సరిచూసుకునేటప్పుడు ఎలా మాట్లాడేదో అలాగే చెప్పింది. మేనేజరుకు తెలియదన్న సంగతి కూడా దాచలేదు.

ఆ పిల్ల కాసేపు విజిల్ తాడు వేలికి చుట్టుకుంది. "మా అమ్మకు గూడ గిదే ఆపరేషన్. నెల తిరగకముందే పనికి పోయింది" అంది. తర్వాత ఏమైందో చెప్పలేదు, మేం అడగలేదు. "నువ్వు పండుకో అమ్మా" అంది.

అక్క పడుకుంది. నేనూ స్టోర్స్ ఆమే లేచి రాడ్ దించాం. ఆ పిల్ల మమ్మల్ని చూసి, "గట్ల నడుం వంచి ఎత్తొద్దు, మోకాళ్లు వంచాలె" అంది. జిమ్‌లో మాకు దొరికిన మొదటి శిక్షణ అదే.

"గని సారు మెట్ల మీదికొచ్చి వింటడంట గదా. ఏదన్న వినిపియ్యాలె" అంటూ నా పక్కన చాప మీద కూర్చుంది. డబ్బా మూతలో అన్నం, పప్పు పెట్టిచ్చాను. విజిల్ ఒకసారి ఊది, గొంతెత్తి "వన్! టూ! త్రీ! ఫోర్!" అని అరుస్తూ కలుపుకుంది. నోట్లో ముద్ద పెట్టుకున్నప్పుడు నా వైపు వేలు చూపించింది. ఆమె ఆపిన చోటి నుంచి నేను అందుకున్నాను. తిట్టేవాళ్లకు ఫోన్‌లో బదులు అరిచి అరిచి సిద్ధమైన గొంతు, అంతదాకా చర్చి పాటలకు తప్ప నాకు దేనికీ పనికిరాలేదు. నా నోరు నిండితే పక్కామె అందుకుంది. అలా అంకెలు డబ్బాల చుట్టూ తిరిగాయి. ఎక్కడో మెట్ల మలుపులో ఒక మనిషి సంతోషించాడు.

మొదటి రోజు ఆ గోలకు అక్క నిద్రపోలేదు. రెండు మూడు రోజులకు ఆ గోలలోనే నిద్రపట్టింది. కొన్నాళ్లు గడిచాక మేం గమనించిందేమిటంటే, లెక్క ఆగితే అక్కకు మెలకువ వచ్చేస్తోంది. అందుకని మేనేజరు ఊళ్లో లేని రోజున కూడా లెక్కపెట్టేవాళ్లం, గొంతు తగ్గించి. ట్రైనర్ పిల్ల ఊరికే తింటే పాపం తగులుతుందని తినేముందు పది నిమిషాలు మా చేత చేతులూ కాళ్లూ ఊపించేది. చీర కుచ్చిళ్లు దోపుకుని పరుగెత్తే మిషను మీద నడవడం నేనూ నేర్చుకున్నాను. అద్దంలో మాత్రం చూసుకోలేదు.

నాలుగేళ్లు నడిచింది. అక్క ఉద్యోగం మానలేదు, ఎవరూ మానిపించలేదు. రిటైరైన రోజు షోరూములో కుర్చీలు వేసి సభ పెట్టారు. మేనేజరు లేచి, ఈ వయసులోనూ రోజూ జిమ్ చేసిన మనిషి, కుర్రాళ్లు ఈమెను చూసి నేర్చుకోవాలి అన్నాడు. దండ వేసి, కంపెనీ తరఫున స్పోర్ట్స్ షూస్ జత ఇచ్చాడు. అక్క రెండు చేతులా అందుకుంది, ముఖంలో ఏమీ కనిపించలేదు. నాకు నవ్వొచ్చింది, అది మధ్యలో ఏడుపుగా మారింది. మేం ఆడవాళ్లం అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టాం.

కొన్నాళ్ల తర్వాత ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా కాచిగూడ వెళ్లాను. ఆ బూట్లు వేసుకుని వాళ్లాయన వాకింగ్‌కు వెళ్తున్నాడట, సరిపోయాయట. అక్క చిక్కిపోయింది. బగారా బైంగన్ చేసి పెట్టింది. తిన్నాక మంచం మీద వెల్లకిలా పడుకుంది. పైన మా కంపెనీ ఫ్యానే, టకటక చప్పుడు చేస్తూ తిరుగుతోంది. నేను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

"ఇంట్ల నిద్ర పడ్తలేదే" అంది. "నౌకరి చేసినన్ని దినాలు అరగంట దొరికితె చాలని ఉండె. గిప్పుడు పొద్దంత ఖాళీనే. కన్ను మూతపడదు."

"మందులు వేసుకుంటున్నవా?"

"మందులతోని కాదు." కొంగు కళ్ల మీదికి లాక్కుంది. "జర లెక్కపెట్టు."

వాళ్లాయన వరండాలో పేపరు చదువుతున్నాడు. నాకు సిగ్గేసింది. అయినా మెల్లగా మొదలుపెట్టాను. వన్, టూ, త్రీ, ఫోర్. ఆయన పేపరు దించి ఒకసారి లోపలికి చూసి, మళ్లీ ఎత్తుకున్నాడు. నలభై దగ్గర అక్క చెయ్యి పక్కకు జారింది. ఊపిరి నిదానమైంది.

సికింద్రాబాద్ బస్సుకు టైమవుతోంది. ఇంటి దగ్గర అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది. వంద దాకా వచ్చాను. ఆపితే లేస్తుందని నాకు తెలుసు. గుమ్మం బయట విడిచిన చెప్పులను అక్కడే ఉండనిచ్చి కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకుని, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.