ఇష్టం లేదు అని రాయి

ఎనభైల్లో నేనొక ప్రభుత్వాఫీసులో గుమాస్తాను. ఒక మధ్యాహ్నం తిరుపతి నుంచి చిత్తూరు పోయే బస్సులో ఒక యానాది పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. కలెక్టరాఫీసుకు పోతున్నానని చెప్పి, మడతలు పడిన కాగితం నా చేతికిచ్చాడు.

"సదువు సామీ. దీంట్లో ఏముండాదో మాకెవురూ చెప్పలా."

అడవిని కాపాడేందుకు కొండ మీది కుటుంబాలన్నీ స్వచ్ఛందంగా దిగివచ్చి, ప్రభుత్వం ఇచ్చిన కాలనీలో చేరాయని ఉంది. కింద ఆయన వేలిముద్ర.

"స్వచ్ఛందంగా అంటే ఏంది సామీ?"

"మీ ఇష్టంతో అని."

ఆయన తన బొటనవేలిని కాసేపు అలాగే చూసుకున్నాడు.

"గుడిసెలు పీకేసి దించినారు. ఇండ్లిస్తామని ముద్ర ఏయించుకున్నారు. ఆ ఇండ్లు యాడ కట్టినారో తెలుసునా? వంకలో! వానొస్తే కొండ నీళ్లన్నీ ఆడికే వచ్చేది. పోయిన వానకు నా మనవరాలు కొట్టుకపోయింది. అదీ మా ఇష్టమేనా?"

బస్సులో అందరూ తిరిగి చూశారు.

"ఇష్టం లేదు అని రాయి సామీ. ఆడే రాయి."

రాశాను. ఆయన నా పెన్ను విప్పించి, సిరా వేలికి పూసుకొని, ఆ మాట కింద గట్టిగా అదిమాడు. చిత్తూరులో దిగి వెనక్కి చూడకుండా నడిచిపోయాడు.

అక్కడ ఆయనకు ఏం చెప్పి పంపారో తెలియదు. అలాంటి కాగితాలు నేనూ చాలా రాశాను. ఆ తర్వాత ఒకసారి మాత్రం, 'స్వచ్ఛందంగా' అనే మాట నేను రాయనని పై అధికారితో అన్నాను. నన్ను వేరే సెక్షనుకు మార్చి, ఇంకొకరి చేత రాయించారు.