పరమేశ్ ఫోన్ చేయని రోజు

మెదక్‌లో కొత్త ఫోన్ కొనాలనుకున్న మనిషి ఇంట్లోవాళ్ల కంటే ముందు పరమేశ్‌ను అడుగుతాడు. రాందాస్ చౌరస్తా దగ్గర సందులోకి తిరిగితే, మిర్చి బజ్జీల బండి వెనకాల ఆరడుగుల వెడల్పు దుకాణం అతనిది. బల్ల మీద విప్పిన ఫోన్లు, నుదుటి మీదికి ఎత్తి పెట్టుకున్న భూతద్దం, పక్కన చల్లారిపోయిన టీ. ఆ బల్లకు ఇవతల ఒక స్టూలు ఉంటుంది. అది నాది. మధ్యాహ్నం భోజనమయ్యాక మా ఇంట్లో నా మాటలు వినేవాళ్లు ఎవరూ ఉండరు. పరమేశ్ కూడా వినడు గానీ, చేతులు పనిలో ఉంటాయి కాబట్టి లేచి పోలేడు.

ఇరవై ఏళ్ల కిందట ఇదే సందులో మూడు కంప్యూటర్లతో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. పదో తరగతి ఫలితాల రోజు జనం చౌరస్తా దాకా నిలబడేవారు. ఒకసారి కరెంటు పోతే పరమేశ్ ఆటో బ్యాటరీ విప్పించి తెచ్చి, ఒక్క కంప్యూటర్ నడిపి, రేగోడ్ నుంచి వచ్చిన పిల్లల నంబర్లన్నీ చూసి పెట్టాడు. ఆ వెలుతురుకు ఊళ్లోని కోళ్లు తెల్లారిందనుకుని కూశాయని నేను చెబుతుంటాను. కోళ్ల సంగతి నేను కలిపింది. బ్యాటరీ సంగతి నిజం.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, సెంటర్ పోయింది. కొన్నాళ్లు మెమొరీ కార్డుల్లో పాటలు ఎక్కించాడు. అదీ పోయింది. రిపేరు మిగిలింది. దాంతోపాటు ఒక వాట్సాప్ గ్రూపు మిగిలింది. పేరు 'మెదక్ ముచ్చట్లు', సభ్యులు తొమ్మిది వందల పైచిలుకు. పరమేశ్ దానికి పెద్ద. రోజూ పొద్దున దుకాణం తెరవగానే అందులో నాలుగు ముక్కలు రాసేవాడు.

"కొత్త ఫోన్‌కు వెనక నాలుగు కెమెరాలు. నిన్న ఒకాయన తెచ్చిండు. నాలుగూ మంచిగున్నయి. ఆయనకు పని చేయనిది టార్చి, కావాల్సింది గూడ టార్చే."

"గంటకోసారి లేచి నిలబడమని చేతి గడియారం చెప్తదట. నన్ను కూసొమ్మని చెప్పే గడియారం వస్తే అప్పుడు కొంట."

"రీల్స్‌ల అందరు ఒక్కటే పాటకు ఒక్కతీరే చేతులు ఊపుతున్రు. నేను పాటలు ఎక్కిచ్చే రోజుల్ల ట్రాక్టరాయన పాటలు వేరు, టైలరు పాటలు వేరు. కార్డు చూస్తే మనిషి ఎవరో తెలిసేది."

జనం వీటికి దండాల బొమ్మలు పెట్టి, వెంటనే కిందనే ఏదో ఒక అబద్ధం పంపేవారు. ఫలానా నంబరు నుంచి ఫోన్ వస్తే పేలిపోతుందని, ఫలానా గింజ తింటే చక్కెర వ్యాధి పోతుందని. అవి నిజమో కాదో తేల్చే పని ఎవరూ చెప్పకుండానే పరమేశ్ మీద పడింది. దానికి అతనికొక పద్ధతి ఉండేది. సందేశంలో నంబరు ఉంటే ఆ నంబరుకు ఫోన్ చేసేవాడు. ఎత్తకపోతే పది నిమిషాలాగి మళ్లీ చేసేవాడు. ఆ తర్వాతనే గ్రూపులో రాసేవాడు: "ఫోన్ చేసిన. పాతది." లేదా, "ఫోన్ చేసిన. నిజమే." ఊరు ఆ రెండు మాటల మీద నడిచేది.

"ఒక్కటి ఆపేలోపు పది వస్తున్నయి తాతా" అనేవాడు. "చెత్త ఎత్తుకపోయే మున్సిపాలిటీ బండి తీరు అయింది నా బతుకు. ఇంటర్నెట్ వచ్చిన కొత్తల దునియా మొత్తం మనూరికి వస్తదనుకున్న. వచ్చింది. ఇగో, ఈ సందులనే కూసుంది."

నవ్వుతూ అనేవాడు మొదట్లో. పోయినేడు ఎండాకాలం నాటికి నవ్వడం మానేశాడు.

ఆ ఎండాకాలంలోనే నేనొక పని చేశాను. మంగలి దుకాణంలో కూర్చుని, కుంకుడు రసంతో తుడిస్తే ఫోన్ చార్జింగు మూడు రోజులు ఆగుతుందని చెప్పాను. జపాన్‌లో అట్లాగే చేస్తారని, అందుకే అక్కడ కుంకుడుకాయలు దొరకడం లేదని కూడా కలిపాను. వాళ్లు నోరు తెరుచుకుని విన్నారు. అంత బాగా వింటుంటే ఆపబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి దాన్నే శుభ్రంగా టైపు చేసి ఇద్దరు ముగ్గురికి పంపాను. మూడో రోజుకు అది 'మెదక్ ముచ్చట్లు'కు చేరింది. చార్జింగు ఐదు రోజులైంది.

ఆ మంగళవారం మధ్యాహ్నానికి పరమేశ్ బల్ల మీద ఆరు ఫోన్లు నురగ కక్కుతూ ఉన్నాయి. ఆరోది వజ్రమ్మది. నలభై ఎకరాల ఆసామి ఇల్లాలు, కారులో దిగింది.

"తుడిసినవా, ముంచినవా అమ్మా?" అన్నాడు పరమేశ్.

"నానబెట్టిన" అంది వజ్రమ్మ. "రాత్రి నానబెట్టి పొద్దున తీసిన. తలకైతే గట్లనే చేస్తం గద."

"చేస్తం. తలకు."

"మరి దీనికి ఎంతసేపు నానబెట్టాల్నో అండ్ల రాయలే."

ఆమె వెళ్లాక పరమేశ్ భూతద్దం ఎత్తి నా వైపు చూశాడు. నేను బజ్జీల బండి వైపు చూశాను.

"తాతా, అది నీదే."

"నాదని ఎట్ల అంటవ్‌రా?"

"ఫార్వర్డులకు ఫుల్‌స్టాపులు ఉండయి. దానికి ప్రతి లైనుకు ఉన్నది. నువ్వు చదివిన కాన్వెంటుల సిస్టర్లు మంచిగ నేర్పిన్రు."

పరమేశ్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఒక్కో ఫోన్ విప్పి, బ్రష్షుతో తుడిచి, హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని ఆరబెడుతూ కూర్చున్నాడు. జనం ఫోన్ చేసి మరీ అడుగుతున్నారు, కుంకుడుకాయ మానేసి శీకాయ వాడొచ్చా అని. పొద్దుటి నుంచి అతను అన్నం తినలేదు.

మూడు దాటాక గ్రూపులో ఒక సందేశం వచ్చింది. బాలింతకు ఓ నెగెటివ్ రక్తం అర్జెంటుగా కావాలి, దయచేసి అందరికీ పంపండి, ఒక ప్రాణం కాపాడండి. కింద ఒక నంబరు. పైన ఏదో ఆసుపత్రి మంచం ఫొటో. మూడున్నరకు గానీ పరమేశ్ దాన్ని చూడలేదు, చూసి ఊపిరి వదిలాడు.

"ఇది మళ్లొచ్చింది. నాలుగేండ్ల సంది దీన్ని పదిసార్లు ఆపిన. గదే మంచం, గవే మాటలు."

"నంబరు?" అన్నాను.

"ఎప్పటికప్పుడు మారుస్తరు" అన్నాడు. ఒక చేతిలో డ్రయ్యర్ ఉంది. రెండో చేతి బొటనవేలితో రాశాడు: "పాతది. ఎవరు పంపకుండ్రి." ముందు ఎప్పుడూ ఉండే 'ఫోన్ చేసిన' అన్న మాట అందులో లేదు. నేను గమనించాను. ఆ పూట అతనికి పని పెట్టిన మనిషిని నేనే కాబట్టి నోరు రాలేదు.

ఐదు గంటలకు ఒకతను వచ్చాడు. నలిగిన చొక్కా, కాళ్లకు దుమ్ము, కళ్లు నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి. చేతిలో ఫోన్ బల్ల మీద పెట్టాడు.

"అన్నా, జర చూడు. ఫోన్ కరాబైంది. కాల్స్ వస్తలేవు."

పరమేశ్ నంబరు అడిగి తన ఫోన్ నుంచి చేశాడు. గట్టిగా మోగింది.

"మంచిగనే ఉన్నది గద."

"లేదన్నా. మూడింటికి వచ్చినయి, నాలుగు కాల్స్. ఒకాయన బయలెల్లిన అన్నడు గూడ. మూడున్నర సంది ఒక్కటి రాలే. నేను చేస్తే వాళ్లు ఎత్తుతలేరు."

"ఏం కాల్స్?"

"రక్తం" అన్నాడతను. "మా యాదలక్ష్మికి. పొద్దున కాన్పైంది, రక్తం ఆగుతలేదు. ఉన్న ఒక్క బాటిల్ ఎక్కిచ్చిన్రు. పట్నం నుంచి ఇంకోటి వస్తున్నదట గని, వచ్చేదాంక ఆగదన్నరు. ఏడింటిలోపు ఒక్క మనిషినన్న తీస్కరమ్మన్నరు."

అతని పేరు ఎల్లం, టేక్మాల్ వైపు కూలి చేసుకునే మనిషి. పరమేశ్ ఆ ఫోన్‌ను మళ్లీ చేతిలోకి తీసుకుని, పంపిన సందేశం తెరిచి చూశాడు. అదే మంచం, అవే మాటలు.

"ఇది ఎవలు రాసిన్రు తమ్మీ?"

"దవాఖాన బయట ఒకాయన ఫోన్ల ఉండె. నాకు రాయనీకి రాదు. మంచిగ రాసిన్రు అనిపిచ్చింది. నంబరొక్కటి నాది పెట్టిచ్చిన." ఎల్లం బల్ల మీదికి వంగాడు. "బాగవుతదా అన్నా? ఎంతసేపు పడతది?"

పరమేశ్ నిజం చెప్పాడు. నేనైతే చెప్పేవాణ్ని కాదు, ఏదో ఒక టవరు మీదికి నెట్టేవాణ్ని. "ఫోన్ కరాబు కాలే. నేనే ఆపిన. పాతదని రాసిన. నీకు ఫోన్ చేసి అడగకుంట రాసిన."

ఎల్లానికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తిట్టనూ లేదు. ఫోన్ తీసుకుని, గోడ గడియారం చూసి, "అయితే ఇప్పుడు రాయన్నా, నిజమని" అన్నాడు.

రాశాడు. "రక్తం సంగతి నిజం. తప్పు నాది. ఓ నెగెటివ్ ఉన్నోళ్లు వెంటనే ఫోన్ చేయుండ్రి." ఒక్క నిమిషంలో మదన్ మోహన్ సార్ జవాబు వచ్చింది. చౌరస్తాలో ఎరువుల దుకాణం ఆయనది, పరమేశ్ మాటంటే గురి. "అడ్మిన్ ఫోన్ హ్యాక్ అయినట్టుంది. ఎవరు నమ్మకుండ్రి." దాని కింద వరుసగా బొటనవేళ్లు. ఏడాది పొడుగూ ఊరికి అనుమానించడం నేర్పింది ఇతనే మరి.

పరమేశ్ పైకి జరిపి చూశాడు. మూడూ పదిహేనుకు సాల్మన్ రాజు అనే అతను రాశాడు: "నాది ఓ నెగెటివ్. నిజాంపేట రోడ్డు మీదున్న, వస్తున్న." పరమేశ్ 'పాతది' అన్నాక మళ్లీ అతనే: "థాంక్స్ అన్న. సగం దూరం వచ్చిన. వాపస్ పోతున్న."

ఫోన్ చేస్తే ఎత్తలేదు. తెలియని నంబర్లు ఎత్తకండని పరమేశ్ నెలకోసారి రాస్తాడు. సాల్మన్ రాజు బోరు మోటార్ల మెకానిక్కు. వాళ్లమ్మ మార్తమ్మ నాకు చర్చిలో తెలుసు. ఆమెకు ఫోన్ చేశాను.

"నిజంగనే మా వాడు కావాల్నా, లేకుంటే నీ కథనా గాబ్రియేలన్నా?" అంది.

"ఒట్టు. ఈసారి కథ కాదు."

"నీ ఒట్టు గూడ తెలుసు నాకు" అంటూనే, ఏ పొలంలో ఉన్నాడో చెప్పింది.

ఎల్లాన్ని దవాఖానకు పంపించి, దుకాణం తెరిచి ఉండగానే పరమేశ్ బండి తీశాడు. నేను వెనక ఎక్కాను. దారిలో అతను ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, అది నా జీవితంలో అంతకు ముందు జరిగింది కాదు. ఆరు కావస్తుండగా పొలం దొరికింది. సాల్మన్ రాజు మోచేతుల దాకా గ్రీజుతో, పైకి లాగిన మోటారు పక్కన కూర్చుని ఉన్నాడు.

"నువ్వే గదన్నా పాతదంటివి."

"అన్న. ఫోన్ చేయకుంట అన్న. నిజమది. ఆమె భర్త వచ్చి నా దుకాణంల నిలవడ్డడు."

"ఇప్పుడు గూడ ఫోన్ల చెప్తే వచ్చేటోన్ని గాదు" అన్నాడు సాల్మన్ రాజు. "మనిషివే వచ్చినవ్. పా. చేతులు కడుక్కోనీ."

రెండు బండ్లూ వెళ్లిపోయాయి. విప్పిన మోటారు దగ్గర పానాల పెట్టెకు కాపలాగా నన్ను ఉంచారు. కాబట్టి దవాఖానలో ఏం జరిగిందో నేను చూడలేదు. చూసినట్టు చెప్పడం నాకు కష్టం కాదు, కానీ ఇది పరమేశ్ సంగతి. అతను చెప్పినంతే రాస్తున్నాను. ఏడుకు పది నిమిషాలుండగా చేరారు. దవాఖానవాళ్లు పరీక్ష చేసి, సాల్మన్ రాజు రక్తం తీసుకున్నారు. పరమేశ్ వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎల్లం వచ్చి, "కూసో అన్నా" అన్నాడట. కూర్చోలేదట. పట్నం బాటిల్ వచ్చేదాకా ఈ రక్తం ఆమెను నిలబెట్టింది. పదకొండో రోజు యాదలక్ష్మి బిడ్డతో టేక్మాల్ పోయింది.

పొద్దున దుకాణం తెరవగానే రాసే నాలుగు ముక్కలు పరమేశ్ మానేశాడు. కొత్త ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఎవరన్నా అడిగితే, "ఏదన్నా కొనుక్కో, అన్ని ఒక్కటే" అంటాడు. గ్రూపు నుంచి తప్పుకుంటానన్నాడు, ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి ఒక షరతు పెట్టాడు. సందేశాల్లో వచ్చే నంబర్లకు ఫోన్ చేసే పని నాది.

"నేనా?"

"అబద్ధం ఎట్లుంటదో నీకు నాకంటే బాగ తెలుసు" అన్నాడు. "ఎత్తకపోతే పది నిమిషాలాగి మళ్ల చెయ్యి."

రోజుకు ఇరవై, ముప్పై చేస్తున్నాను. ఎవరెవరో ఎత్తుతారు, తిడతారు, కొందరు పెట్టేయకుండా తమ గోడంతా చెబుతారు. సాయంత్రానికి చెవి వేడెక్కుతుంది, గొంతు పోతుంది. ఇన్నేళ్లు ఇతను దీన్ని ఒక్కడే ఎట్లా మోశాడో ఇప్పుడు తెలుస్తోంది. కుంకుడు రసం సంగతి నేను అల్లిన కథేనని ఇంతవరకు మంగలి దుకాణంలో చెప్పలేదు. ఇక్కడ చెప్పినట్టే.

ఒక్క నంబరు మాత్రం పరమేశ్ నాకివ్వడు. ఎల్లం సందేశం ఆగలేదు. అదే మంచం, అవే మాటలు, ఎల్లం నంబరుతో ఊరూరూ తిరుగుతోంది. కరీంనగర్ పోయింది, నెల్లూరు పోయింది, రెండు మూడు నెలలకోసారి మళ్లీ మా గ్రూపులోకి వస్తుంది. నిన్న మధ్యాహ్నం వచ్చింది. పరమేశ్ చేతిలోని పని పక్కన పెట్టి ఫోన్ చేశాడు.

"ఎల్లం, మళ్లొచ్చిందే."

"నాకు గూడ పొద్దున రెండు కాల్స్ వచ్చినయన్నా" అవతలి గొంతు నా స్టూలు దాకా వినిపించింది. "ఒకాయన దుబాయి నుంచి. రక్తం అందింది, సల్లగుండుమని చెప్పిన."

"నంబరు మార్చరాదు? ఎన్ని రోజులు ఎత్తుతవ్?"

"ఎందుకన్నా. అడుగుతున్రు గద పాపం."

"బిడ్డ?"

"పండ్లొస్తున్నయి. ఫోన్ ఇస్తె కొరుకుతున్నది. కరాబైతే నీ తానికే తెస్త."

"తే" అన్నాడు పరమేశ్. ఫోన్ పెట్టేసి గ్రూపు తెరిచి రాశాడు: "ఫోన్ చేసిన. పాతది. తల్లి, బిడ్డ మంచిగున్నరు." చల్లారిన టీ ఒక గుక్క తాగి, భూతద్దం కిందికి దించుకున్నాడు.